పొడక్షరం

ఆఫీసులో ఆమెను అందరూ 'పొడక్షరం' అని పిలిచేవారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆమె కూడా అదే తన పేరైనట్టు పలికేది.

ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీ అది. డాక్టర్లు, నర్సులు చూసే స్క్రీన్ల మీద కనిపించే బటన్లు, పెట్టెలు, పట్టీలు అన్నీ ముందే ఒకచోట తయారై ఉంటాయి. ఎవరికి కావలసినవి వాళ్లు తెచ్చుకుని తమ స్క్రీన్‌లో అమర్చుకుంటారు. ఆ గుట్టనే వాళ్లు లైబ్రరీ అంటారు. తొమ్మిదేళ్లుగా ఆ లైబ్రరీ బాధ్యత ఆమెది.

ఒకప్పుడు ఒక పెట్టె చుట్టూ ఎంత జాగా వదలాలి, వెనక ఏ రంగు ఉండాలి, అంచు ఎంత మందం ఉండాలి అని చెప్పడానికి పది వరుసలు రాయాల్సి వచ్చేది. ఆమె వాటన్నిటికీ పొడి అక్షరాలు పెట్టింది. పై జాగాకి రెండక్షరాలు, పక్క జాగాకి రెండక్షరాలు, వెనక వేసే రంగుకీ బొమ్మకీ 'బీజీ'. పది వరుసలు ఒక్క వరుసలో తేలిపోయేవి. కొత్తగా చేరినవాళ్లు మొదట బిక్కమొహం వేసినా, వారం తిరిగేసరికి అలవాటు పడిపోయి, పాత పద్ధతిలో రాయమంటే విసుక్కునేవారు.

"ఏం పొడక్షరం, ఈరోజు ఎన్ని అక్షరాలు కొట్టేశావు?" అని టీమ్ లీడ్ కాఫీ మిషన్ దగ్గర అడిగేవాడు.

"మీ పేరులో కూడా రెండు ఎక్కువున్నాయి సార్. ఊ అనండి, తీసేస్తాను" అనేది.

ఆమెకు ముప్పై ఆరేళ్లు. పెళ్లి మాట ఎత్తీ ఎత్తీ ఇంట్లోవాళ్లే అలిసిపోయారు. ఆఫీసుకి రెండు వీధుల అవతల ఒక గదీ వంటిల్లూ ఉన్న వాటాలో ఒక్కతే ఉండేది. అన్నయ్య, వదిన, వాళ్ల కూతురు, అమ్మ ఊరికి అటు చివర ఉంటారు. అన్నయ్య అచ్చాఫీసులో మిషన్ నడుపుతాడు. వదిన పెద్దాసుపత్రిలో నర్సు. పంతొమ్మిదేళ్ల సర్వీసు.

వదిన ఆ ఇంటికి వచ్చేసరికి ఆమెకు పదిహేడేళ్లు. ఆ మరుసటేడు కామెర్లు వచ్చి ఆమె మంచం పట్టింది. వదిన ఆసుపత్రిలో డ్యూటీ చేసి వచ్చి, ఇంట్లో ఇంకో డ్యూటీ చేసింది. నలభై రోజులు అలాగే. అప్పటినుంచి ఆమెకు ఏ కష్టమొచ్చినా అమ్మ కన్నా ముందు వదినకే చెప్పుకునేది.

ఆ పెద్దాసుపత్రిలో పెట్టింది కూడా వీళ్ల సాఫ్ట్‌వేరే. "మీ స్క్రీన్లో అక్షరాలు చీమల్లా ఉన్నాయమ్మాయ్. మాలాంటి చత్వారం వాళ్లకి తలా ఒక భూతద్దం కూడా పంపించండి" అని వదిన ఒకసారి ఎగతాళి చేస్తే, ఆ వారంలోనే అక్షరాల సైజు పెరిగింది. వదిన ఆ సంగతి వార్డంతా చెప్పుకుంది. "మా ఆడపడుచే చేసింది. నేను చెప్తే చేసింది" అని.

రోగికి ఏదైనా మందు పడదంటే, స్క్రీన్ మీద అతని పేరు కింద ఒక ఎర్ర పట్టీ వస్తుంది. ఎరుపు మీద సన్నని తెల్ల గీతలు ఏటవాలుగా ఉంటాయి. వాటి మీద లావుపాటి తెల్ల అక్షరాలతో ఫలానా మందు పడదని ఉంటుంది. స్క్రీన్లు రాక ముందు ఫైలు అట్ట మీద ఎర్ర స్టిక్కరు అంటించేవారు. ఈ పట్టీ వచ్చాక స్టిక్కర్లు మానేశారు.

ఆ పట్టీని ఆరేళ్ల కిందట కట్టినవాడు వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. అతను ముందు ఎరుపుని పూర్తి పేరుతో రాసి, తర్వాత తెల్ల గీతల బొమ్మని 'బీజీ' అనే పొడక్షరంతో పెట్టాడు. అప్పట్లో దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. బీజీకి రంగు ఇస్తే రంగుగానూ బొమ్మ ఇస్తే బొమ్మగానూ చూసుకోమని ఆమె పదకొండు వరుసల్లో విడమరిచి రాసి ఉంచింది.

ఎండలు ముదిరే రోజుల్లో ఆమె ఆ పదకొండు వరుసల్నీ ఒక్క వరుస చేసింది. రంగో బొమ్మో, ఏమిచ్చినా సరే, వెనక భాగం మొత్తాన్నీ చూసుకునే ఆజ్ఞకి అప్పజెప్పెయ్యమంది. ఆ ఆజ్ఞకి ఒక గుణం ఉంది. చెప్పినదాన్ని పెడుతుంది, చెప్పనిదాన్ని తుడిచేస్తుంది. బొమ్మ ఒక్కటే చెబితే, అంతకు ముందు వేసి ఉన్న రంగుని తీసిపారేస్తుంది. ఈ సంగతి ఆమెకు తెలియక కాదు. కొత్తవాళ్లకు మొదటిరోజే ఆమె చెప్పే పాఠం ఇది. ఆ రోజు తట్టలేదు.

మార్పు బయటికి వెళ్లే ముందు కంప్యూటర్ రెండు పరీక్షలు చేసేది. పేజీలో ఉండాల్సిన మాటలు ఉన్నాయా అని మొదటిది చూసుకునేది. మాటలు ఉన్నాయి. పాత స్క్రీన్ల ఫొటోలనీ కొత్తవాటినీ పక్కపక్కన పెట్టి, తేడా ఉన్నవాటిని మనిషికి చూపించడం రెండోదాని పని. ఆ రోజు రెండువందల పద్నాలుగు తేడాలు వచ్చాయి. అదే మార్పులో ఆమె గడుల మధ్య జాగాని వెంట్రుకవాసి తగ్గించింది. దాంతో ప్రతి ఫొటోలోనూ ఏదో ఒక తేడా. ముప్పై దాకా ఓపిగ్గా చూసింది. అన్నీ ఆ వెంట్రుకవాసి తేడాలే. 'అన్నీ సరే' అనే బటన్ నొక్కి భోజనానికి లేచింది.

ఆ వెర్షన్ ఆసుపత్రికి వెళ్లిన మూడో రోజున మందుల స్టాకు స్క్రీన్ చూసేవాళ్లు ఒక ఫిర్యాదు పంపారు. ఒక పెట్టె మీది శీర్షిక కనపడటం లేదు, తెలుపు మీద తెలుపు అయిపోయింది అని. ఆమె చూడగానే కారణం పట్టేసింది. నాలిక కరుచుకుని, తను కుదించిన ఆ ఒక్క వరుసని సరిచేసింది. ఫిర్యాదులకు మూడు గుర్తులు ఉంటాయి. అత్యవసరం, మామూలు, చిన్నది. స్టాకు పెట్టె మీది శీర్షికే కదా అని 'చిన్నది' అని పెట్టింది. చిన్నవన్నీ తర్వాతి వెర్షన్‌తో కలిసి వెళతాయి. తర్వాతి వెర్షన్ వెళ్లేది పైవారం మంగళవారం.

ఇదే తప్పు ఇంకెక్కడైనా ఉందేమో అని వెతకలేదు.

ఆ మంగళవారానికి రెండు రోజుల ముందు, ఆదివారం పొద్దున పదకొండింటికి, బడి బస్సు నడిపే ఒక యాభై రెండేళ్ల మనిషిని పెద్దాసుపత్రిలో చేర్చుకున్నారు. కాలికి మేకు గుచ్చుకుని వారమైంది. చీము పట్టి, జ్వరం వచ్చి, మనిషి మగతగా ఉన్నాడు. తోడు కూతురొచ్చింది. బట్టలు కుట్టే దుకాణంలో పనిచేస్తుంది. "మా నాన్నకి పెన్సిలిన్ పడదు. ఒకసారి చావు దాకా వెళ్లొచ్చాడు" అని కౌంటర్ దగ్గర రెండుసార్లు చెప్పింది. గుమాస్తా ఆ అమ్మాయి చెప్పింది చెప్పినట్టే ఎక్కించాడు.

వార్డులో డ్యూటీ వదినది. కుర్ర డాక్టర్ ఆపరేషన్ గదిలో ఉండి ఫోన్ చేశాడు.

"సిస్టర్, స్క్రీన్ మీద ఎలర్జీ ఏమైనా చూపిస్తోందా?"

వదిన చూసింది. "లేదు డాక్టర్."

"అయితే పెన్సిలిన్ మొదలుపెట్టండి. నేను అరగంటలో వస్తాను."

కూతురు అప్పుడు కట్టుగుడ్డ తేవడానికి కింద మందుల షాపుకి వెళ్లింది. వదిన ఇంజెక్షన్ ఇచ్చింది. సూది తీసి దూది అద్దుతుండగానే ఆ మనిషి గొంతు పట్టుకున్నాడు. వదిన కేక పెట్టింది. పక్క వార్డు వాళ్లు పరిగెత్తుకొచ్చారు. చేయాల్సినవన్నీ చేశారు. కూతురు కట్టుగుడ్డ పొట్లంతో మెట్లెక్కి వచ్చేసరికి మంచం చుట్టూ తెర లాగి ఉంది. పన్నెండుంపావుకి ప్రాణం పోయింది.

బుధవారం ఆసుపత్రివాళ్లు ఆ మనిషి వివరాలు స్క్రీన్ మీద తీసి చూశారు. పేరు కింద అరచేతి వెడల్పున ఎర్ర పట్టీ. 'పెన్సిలిన్ పడదు.' వదినను సస్పెండ్ చేశారు.

అంతకు ముందురోజే కొత్త వెర్షన్ వెళ్లిందనీ, పట్టీకి రంగు తిరిగి వచ్చిందనీ ఎవరికీ తట్టలేదు. తట్టవలసిన మనిషి ఆమె ఒక్కతే. ఆమెకూ తట్టలేదు. స్టాకు స్క్రీన్ శీర్షికకీ ఎర్ర పట్టీకీ చుట్టరికం ఉందని ఆమె అనుకోనేలేదు.

ఆసుపత్రి నుంచి కంపెనీకి ఉత్తరం వచ్చింది. పట్టీ కనపడకుండా పోయే అవకాశం ఉందా, రాతపూర్వకంగా తెలపండి అని. లీడ్ ఆమెను పిలిచాడు.

"మీ వదినగారని తెలుసు. నీకు ఇబ్బందైతే ఇంకొకరి చేత రాయిస్తాను."

"వద్దు సార్. ఉన్నదున్నట్టే కదా రాసేది" అంది.

స్క్రీన్ తెరిచి చూసింది. పట్టీ ఎర్రగా ఉంది. పరీక్షల ఫలితాలు తీసి చూసింది. మాటలు ఉన్నాయి అని ఆకుపచ్చ గుర్తులు. 'సమాచారం ఉన్న ప్రతి సందర్భంలోనూ పట్టీ కనిపిస్తుంది. కనిపించకుండా పోయే అవకాశం లేదు' అని రాసి సంతకం పెట్టింది.

ఆ తర్వాతి ఆదివారం అన్నయ్య ఇంటికి వెళ్లింది. భోజనాల దగ్గర వదిన కంచంలో చెయ్యి పెట్టి ఊరికే కెలుకుతోంది. కళ్ల కింద నల్లగా గుంటలు పడ్డాయి. ఉన్నట్టుండి తలెత్తింది.

"అమ్మాయ్, నీకు తెలుస్తుంది కాబట్టి అడుగుతున్నా. ఆ పట్టీ ఒక్కోసారి రాకుండా పోతుందా?"

ఆమె కంచంలోకి చూస్తూ, "పోదు వదినా" అంది.

"నేను చూశాను. రెండుసార్లు చూశాను. లేదు."

"వదినా, అది నా చేతిలో పని. నాకు తెలీదా? పొద్దుటి నుంచి నిలబడి ఉన్నావు, ముప్పైమంది రోగులు. కళ్లు చూసినా మనసు చూసుండదు. ఎవరికైనా అవుతుంది."

"అంటే అబద్ధం చెప్తున్నానంటావా?"

"అబద్ధం అన్లేదు. పొరబాటు అంటున్నా."

వదిన అన్నయ్య వైపు చూసింది. అన్నయ్య మంచినీళ్ల గ్లాసు ఎత్తాడు. అప్పటిదాకా పెళ్లాం మాట నమ్మాలో వద్దో తేల్చుకోలేక కొట్టుకుంటున్నవాడికి చెల్లెలి మాటతో అది తేలిపోయినట్టుంది. "పోనీలే, ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందేమో" అన్నాడు. అమ్మ, "పంతొమ్మిదేళ్లలో ఒక్కసారి. దేవుడు చూస్తాడులే" అంది. పదిహేనేళ్ల మేనకోడలు విసురుగా లేచి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

వదిన చెయ్యి కడుక్కుని వచ్చి, ఎవరి వైపూ చూడకుండా, అందరి కంచాలూ తీసింది.

పది రోజులు గడిచాయి. విచారణ కమిటీ ముందుకి మొదటిసారి పిలిచినప్పుడు, చనిపోయినాయన కూతురు అందరి ఎదుటా వదిన మీదికి వచ్చిందట. "రెండుసార్లు చెప్పాను. ఎర్రగా అంత రాసుంటే నీకు కళ్లు పోయాయా?" అని అరిచిందట. వదిన ఇంటికొచ్చి, కట్టుకున్న బట్టలతోనే స్నానాల గదిలో కూర్చుండిపోయిందని అన్నయ్య ఫోన్లో చెప్పాడు. "ఒకసారి వచ్చి వెళ్లవే. నా మాట వినటం లేదు" అన్నాడు.

సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా వెళ్లింది. వదిన వంటింట్లో గిన్నెలు తోముతోంది. తోమినవాటినే మళ్లీ తోముతోంది. ఆమె గుమ్మంలో నిలబడింది.

"వదినా, ఆ మాటలు మనసులో పెట్టుకోకు. కడుపు మంటతో అంది ఆ పిల్ల."

"ఆ పిల్ల మాట కాదు." వదిన తిరిగి చూడలేదు. "అదే ఆలోచిస్తున్నా. నా కళ్లే పోయాయా అని. కళ్లు మూసుకుంటే ఆ స్క్రీనే కనిపిస్తోంది. పైన పేరు. కింద ఖాళీ. ఆ కింద వయసు, బరువు."

"ఖాళీ ఏంటి?"

"ఖాళీనే. పేరుకీ వయసుకీ మధ్య ఇంత జాగా. ఎప్పుడూ అలా ఉండదు. ఎలర్జీ లేనివాళ్లకి పేరు కిందనే వయసుంటుంది కదా. ఇదేంటి, పన్ను ఊడినట్టుంది అనుకున్నా. అంతలో ఫోన్ మోగింది."

ఆమె గుమ్మం పట్టుకుంది.

పట్టీ లేకపోతే ఆ జాగా ఉండదు. పట్టీ ఉంటేనే ఆ జాగా తెరుచుకుంటుంది. అలా కట్టింది తామే. జాగా ఉండి పట్టీ కనపడలేదంటే పట్టీ అక్కడే ఉందన్నమాట. అక్షరాలూ అక్కడే ఉన్నాయి. తెల్ల గీతలు, తెల్ల అక్షరాలు, తెల్ల పేజీ. వెనక ఉండాల్సిన ఎరుపు ఒక్కటే లేదు. తెలుపు మీద తెలుపు. ఆ మాట తను ఎక్కడ చదివిందో కూడా అప్పుడే గుర్తొచ్చింది.

"ఏంటి అలా అయిపోయావు?" వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "కూర్చో. నీళ్లివ్వనా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.  "రేపు చెప్తాను వదినా. ఒకటి చూసుకుని చెప్తాను" అని గబగబా చెప్పులేసుకుని బయటపడింది. బస్సులో కూర్చున్నాక గానీ తెలియలేదు, వేసుకొచ్చినవి మేనకోడలి చెప్పులని.

పొద్దున్నే అందరికన్నా ముందు ఆఫీసుకి వెళ్లింది. ఆ మనిషి పోయిన ఆదివారం నాటి వెర్షన్‌ని వెతికి బయటికి తీసింది. ఒక ఉత్తుత్తి రోగిని సృష్టించి పెన్సిలిన్ పడదని ఎక్కించింది. స్క్రీన్ తెరిచింది.

పేరు. కింద ఖాళీ. ఆ కింద వయసు, బరువు.

మౌస్ పట్టుకుని ఆ ఖాళీ మీద అటు నుంచి ఇటు లాగింది. లాగినంత మేరా నీలంగా అయి, అందులోంచి తెల్ల అక్షరాలు పైకొచ్చాయి. 'పెన్సిలిన్ పడదు.' వేలు తీసింది. ఇంకోచోట నొక్కింది. అక్షరాలు మాయమయ్యాయి. మళ్లీ లాగింది. అలా ఎన్నిసార్లు చేసిందో.

లీడ్ రాగానే తలుపేసి అంతా చూపించింది. అతను చాలాసేపు కుర్చీ చేతిని గీరుతూ కూర్చున్నాడు.

"ఇప్పుడు సరైపోయింది కదా" అన్నాడు చివరికి.

"మనిషి పోయాడు సార్."

"తెలుసు. తెలియక కాదు. డైరెక్టర్‌కి చెప్తే లాయర్‌ని పిలుస్తాడు. లాయర్ ముందు నీ లాప్‌టాప్ తీసుకుంటాడు. ఆ తర్వాత నువ్వు నోరెత్తడానికి ఉండదు. మొత్తం కంపెనీ మునుగుతుంది. నూట నలభైమందిమి ఉన్నాం ఇక్కడ."

"మా వదిన విచారణ ఇవాళ మూడింటికి. ఇదే ఆఖరిది."

అతను కిటికీ వైపు తిరిగాడు. కింద రోడ్డు మీద ఎవరో బండి స్టార్టవక కిక్కు మీద కిక్కు కొడుతున్నారు.

"నేను ఇవాళ సాయంత్రం దాకా ఆఫీసులో లేను. నువ్వు నాకేమీ చూపించలేదు" అన్నాడు. సంచి తీసుకుని వచ్చినదారినే వెళ్లిపోయాడు.

విచారణ ఆసుపత్రి రెండో అంతస్తులో, పొడుగు బల్ల ఉన్న గదిలో. కమిటీ పెద్ద, జుట్టంతా నెరిసిన ఒక డాక్టరమ్మ. పక్కన మరో ఇద్దరు. బల్లకి ఇటుపక్క కుర్ర డాక్టర్, ఆ చివర చనిపోయినాయన కూతురు, ఈ చివర వదిన. లాప్‌టాప్ గుండెలకి హత్తుకుని పిలవకుండా లోపలికొచ్చిన ఆమెను చూసి వదిన కంగారుగా లేచి నిలబడింది. "ఏమైంది? ఇంట్లో అందరూ బాగానే ఉన్నారా?" అంది.

ఆమె వదిన వైపు చూడలేదు. "నేను ఈ సాఫ్ట్‌వేర్ చేసిన కంపెనీలో పనిచేస్తాను మేడమ్. మీకు చూపించాల్సింది ఉంది. ఐదు నిమిషాలు" అంది.

వైరు తగిలించగానే గోడ మీద బొమ్మ పడింది. ముందు ఎర్ర పట్టీ చూపించింది. "ఇది ఇప్పుడు మీ వార్డుల్లో ఉన్నది. ఆయన పోయిన రెండు రోజులకి, మంగళవారం వచ్చింది." తర్వాత రెండోది తెరిచింది. "ఇది ఆ ఆదివారం ఉన్నది."

డాక్టరమ్మ కళ్లజోడు సర్దుకుంది. "ఇందులో పట్టీ లేదే."

"ఉంది మేడమ్. కనిపించదు."

మౌస్ లాగింది. గోడ మీద నీలి గీత కదిలి, అక్షరాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి.



కూతురే ముందు మాట్లాడింది. అరవలేదు ఈసారి. "అంటే నేను చెప్పింది రాశారు."

"రాశారండీ."

"అది అక్కడే ఉంది."

"అక్కడే ఉంది."

"మా నాన్న గొంతు పట్టుకున్నప్పుడు కూడా అక్కడే ఉంది."

 కూతురు ఒళ్లో ఉన్న సంచి వైపు చూసుకుంటూ, "ఎవరు చేశారది?" అంది.

"నేను. పదకొండు వరుసల్ని ఒక వరుస చేశాను. అందులో ఎరుపు పోయింది."

"ఎందుకు చేశారు?"

"పొట్టిగా ఉంటుందని."

డాక్టరమ్మ ఫైల్లోంచి ఒక కాగితం తీసింది. "పట్టీ కనిపించకుండా పోయే అవకాశం లేదని మీ కంపెనీ రాసిచ్చింది. ఈ సంతకం ఎవరిది?"

"నాదే మేడమ్."

"చూసే రాశారా?"

"కొత్తదాన్ని చూసి రాశాను. పాతదాన్ని చూడాలని తోచలేదు. ఇదే తప్పు ఇంకో స్క్రీన్‌లో ఉందని నాకు ముందే ఫిర్యాదు వచ్చింది. చిన్నదని పక్కన పెట్టాను. అది కూడా తెచ్చాను, ఇందులో ఉంది."

వదిన అప్పటిదాకా గోడ మీది ఖాళీనే చూస్తోంది. లేచి, గోడ దగ్గరికి వెళ్లి, పేరుకీ వయసుకీ మధ్య చెయ్యి ఆనించింది. "ఇదే. ఇదే అన్నాను నేను" అంది. ఎవరితో అందో తెలియదు. ఆ తర్వాత వదిన ఏడుపు చూడలేక కుర్ర డాక్టర్ బయటికి వెళ్లిపోయాడు.

చనిపోయినాయన కూతురు కూడా లేచింది. వదిన దగ్గర ఒక్క క్షణం ఆగింది.   సంచి భుజానికి తగిలించుకుని వెళ్లిపోయింది.

ఆ పన్నెండు రోజుల్లో ఆ ఆసుపత్రిలో పట్టీ ఉండాల్సినవాళ్లు నూట ఆరుగురని తర్వాత లెక్క తేలింది. చాలామంది తమకి ఫలానాది పడదని నోటితో చెప్పి బతికిపోయారు. ఇంకో నలుగురికి పడని మందు ఇచ్చారు. ఒంటి నిండా దద్దుర్లు వచ్చి, రెండు మూడు రోజులు పడి లేచారు. దద్దుర్లు ఎందుకొచ్చాయో అప్పుడెవరూ ఆలోచించలేదు. ఎర్ర పట్టీ కనపడకపోతే, పడని మందేదీ లేదనే అందరికీ అర్థం.

కంపెనీ ఆమెను మర్నాడే రావద్దంది. లీడ్ ఫోన్ ఎత్తలేదు. నెల తిరక్కుండా ఆసుపత్రి ఆ సాఫ్ట్‌వేర్ తీసేసింది. దాని వెనకే మరో రెండు ఆసుపత్రులు తీసేశాయి. నూట నలభైమందిలో సగంమందికి పైగా ఉద్యోగాలు పోయాయి. వాళ్లలో కొందరు, కొత్తగా చేరినప్పుడు ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్లే, వీధిలో ఎదురుపడితే అటు పక్కకి దాటుకునేవారు.

రెండు నెలలకి కమిటీ నివేదిక వచ్చింది. సాంకేతిక లోపం వల్ల ప్రమాదం జరిగిందని, నర్సు తప్పు లేదని రాశారు. చివర ఒక్క వాక్యం కలిపారు: 'అయినప్పటికీ, రోగి మగతలో ఉన్నందున, బంధువు వచ్చే వరకు ఆగి నోటితో కూడా అడిగి ఉండవలసింది.' సస్పెన్షన్ ఎత్తేశారు. ఆ వాక్యం మాత్రం వదిన సర్వీసు పుస్తకంలో చేరింది.

అన్నయ్య దాని మీద పోట్లాడదామన్నాడు. వదిన వద్దంది. "అది నిజమే కదా. ఐదు నిమిషాలు ఆగితే ఆ పిల్ల వచ్చేది" అంది. వార్డుకి వెళ్లనని, పరికరాలు ఉడకబెట్టి శుభ్రం చేసే గదికి వేయించుకుంది. అక్కడ రోగులుండరు. పొద్దస్తమానం ఆవిరి, కత్తెరలు, ట్రేలు. ఎవరితోనూ మాట్లాడే పని లేదు.

ఈ సంగతులన్నీ ఆమెకు అన్నయ్య చెప్పినవే. విచారణ రోజు తర్వాత ఆమె ఆ ఇంటికి వెళ్లలేదు. వదిన రమ్మని కబురు పెడుతుందేమో అని చూసింది. రాలేదు. తనే ఫోన్ చేస్తే మేనకోడలు ఎత్తి, "అమ్మ పడుకుంది అత్తా" అనేది. అది సాయంత్రం ఆరైనా, పొద్దున పదైనా అదే జవాబు.

నాలుగో నెలలో, అమ్మకి ఒంట్లో బాగా లేదని అన్నయ్య చెబితే బయల్దేరింది. అప్పటికి ఒక జిరాక్స్ షాపులో దరఖాస్తులు టైపు చేసే పనిలో కుదిరింది. యజమానిని అడిగి మధ్యాహ్నం సెలవు పెట్టి వెళ్లింది. దారంతా, ఏం చెప్పాలో మనసులో అనుకుంటూనే ఉంది. క్షమించమని అడగాలి. ఆ రోజు భోజనాల దగ్గర అన్న మాటకి. సంతకానికి. పోయిన మనిషికి ఎలాగూ చెప్పుకోవడం కుదరదు, కనీసం వదినకైనా.

తలుపు వదినే తీసింది. మనిషి సగమైంది. జుట్టు పాపిడి దగ్గర బాగా తెల్లబడింది. ఆమెను చూసి ఒక్క క్షణం ఆగి, పక్కకి జరిగి దారిచ్చింది.

"వదినా..." అంది ఆమె.

"రండి. లోపలికి రండి" అంది వదిన. కుర్చీ మీద ఉన్న బట్టలు తీసి, చేత్తో దులిపింది. "కూర్చోండి. అత్తయ్య ఇప్పుడే మందు వేసుకున్నారు, లేస్తారు. మంచినీళ్లు తెమ్మంటారా?"

పంతొమ్మిదేళ్లుగా నువ్వు అనే మనిషి. ఆ గొంతులో కోపం లేదు, దెప్పు లేదు. ఆసుపత్రిలో చూడటానికొచ్చిన పరాయివాళ్లతో మాట్లాడే గొంతు అది.

"తెండి" అంది ఆమె. కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, అమ్మ లేచేదాకా ఎదురు చూసింది.